మావయ్య తవ్వించిన కాలువ

నిన్న మా అపార్ట్‌మెంటు ముందు ఇద్దరు కుర్రాళ్లు మూడుకాళ్ల స్టాండు మీద యంత్రం పెట్టి రోడ్డు కొలుస్తుంటే, బాల్కనీలో బట్టలారేస్తున్న నేను అలాగే నిలబడిపోయాను. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, మా మావయ్య, సర్వేయరుగానే మొదలయ్యాడు. ఎండలో కొలత గొలుసు లాగి లాగి అరచేతులు కాయలు కాశాయి. పెళ్లి భోజనానికి వెళ్లినా పందిరిని కళ్లతోనే కొలిచేసి, ఇంతమంది పట్టరని వడ్డనవాళ్లని కంగారు పెట్టేవాడు.

తర్వాత పరీక్షలు రాసి మున్సిపల్ కమిషనరై, ఆమదాలవలస దగ్గర మా ఊరికే వచ్చాడు. అమ్మ మురిసిపోయి రోజూ క్యారేజీ పంపేది. ఆ వానాకాలం పల్లపు వీధిలో మురుగునీళ్లు మంచాల ఎత్తుకి వచ్చాయి. జ్వరంతో ఒక పసిపిల్ల పోయింది. మావయ్య పాత పటం తీయించి కొలిపిస్తే, బజారు కాలువంతా కొట్ల కింద పూడిపోయి ఉందని తేలింది. నాన్న కిరాణా కొట్టు ముందుభాగం కూడా దాని మీదే ఉంది.

"మా కొట్టు వొగ్గేయిరా. మీ బావ దాన్నే నమ్ముకుని బతుకుతన్నారు" అంది అమ్మ.

"ముందు మనదే తియ్యాలక్కా. లేకపోతే ఇంకొకలి గుమ్మంలోకెళ్లి ఏటి సెప్పగల్ను?" అన్నాడు మావయ్య, సగం అన్నం కంచంలోనే వదిలేసి.

మర్నాడు కొట్టు సగం కూలింది. నాన్న తక్కెడా డబ్బాలూ లోపలికి సర్దుకున్నారు. అమ్మ క్యారేజీ మానేసింది, మాటా మానేసింది. కాలువ తవ్వాక పల్లపు వీధిలోకి మళ్లీ నీళ్లు రాలేదు. కొట్లవాళ్లు మాత్రం ఊరుకోలేదు; మావయ్యకి దూరంగా బదిలీ అయింది.

నా పెళ్లికి అమ్మ అతనికి కబురు పెట్టలేదు. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా మోయాల్సింది మేనమామే. మావయ్య తనంతట తనే రైలు దిగి, కొత్త పంచె కట్టుకుని మండపం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మ చూసింది. చూసి, వరసకు తమ్ముడైన ఇంకొకరిని పిలిచింది. మావయ్య దూరం నుంచే అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వెళ్లిపోయాడు.

ఆ ఏడు తిరక్కుండానే మావయ్య గుండె ఆగి పోయాడు. అతనుండే ఊరికి మేం వెళ్లాం; పల్లపు వీధి ఆడవాళ్లూ ప్యాసింజరు రైల్లో వచ్చారు. చేపలమ్మే ఒకామె అమ్మ చెయ్యి పట్టుకుని, "మా పిల్లలు పొడినేల మీద పడుకుంతన్నారమ్మా. నీ తమ్ముడి పున్నెమే" అంది. అమ్మ మావయ్య చెంపలు నిమురుతూ, "ఒరే, ఒక్కపాలి మాటాడరా" అని అడుగుతూనే ఉంది.

కోపం తీరేదాకా మనుషులు ఎక్కడికీ పోరనుకున్నాం. కాలం మా కోసం అంత ఓపిగ్గా ఆగలేదు.