గోదావరి ఇసుక మేట మీద మంచునేల పిట్టలు

బడిలో పిల్లలకు టండ్రా పాఠం చెప్పిన కొద్దిరోజులకే నేను ఈ ప్రయాణం పెట్టుకున్నాను. కరీంనగర్ గ్రంథాలయంలో ఒక పత్రిక తిరగేస్తుంటే, చలికాలమంతా మన గోదావరి ఇసుకలో తిరిగే చిన్న పిట్టలు గుడ్లు పెట్టేది ఆ టండ్రాలోనే అని కనిపించింది. చెట్టు మొలవని నేల. మూరెడు లోతున ఏడాది పొడవునా మంచుగడ్డ. కొన్ని వారాల వేసవిలోనే సూర్యుడు అస్తమించకుండా కాస్తాడు, పురుగూ దోమా ముసురుతాయి, పుట్టిన పిల్ల ఆ రోజే తన తిండి తాను ఏరుకుంటుంది. నమ్మబుద్ధి కాలేదు. వైశాఖంలో అవి వెళ్ళిపోయేలోగా కళ్ళారా చూడాలనుకున్నాను.

పొద్దున ఆరింటి బస్సు జగిత్యాల మీదుగా ధర్మపురి చేరేసరికి పదయింది. పావలా ఇచ్చి పడవలో లక్సెట్టిపేట వైపు దాటాను. మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగినా దూరాన చుక్కల్లాంటి పిట్టలే. నిరాశగా తిరుగు పడవ ఎక్కాను. అందులో బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మల్లయ్య, ఎనిమిదో నెల నిండిన అతని భార్య రాజవ్వ ఉన్నారు. పురిటికి ధర్మపురిలోని పుట్టింటికి వెళ్తున్నారు. మొదటి బిడ్డ పుట్టిన మూడోనాడే పోయిందట. రాజవ్వ కడుపు మీది నుంచి చేయి తీయలేదు.

నది నడుమకు రాగానే గాలిదుమారం లేచింది. పడవ కొట్టుకుపోయి ఇసుక మేటలో దిగబడింది.

"దిగుండ్రి, జల్ది!" అని అరిచాడు పడవ నడిపే పోశం.

మల్లయ్య భార్యను ఎత్తుకుని దించాడు. మగవాళ్ళిద్దరూ పడవను పక్కకు ఒరిగించి, దాని చాటున మమ్మల్ని కూర్చోబెట్టారు.

"పంతులమ్మా, కడుపు గట్టివడుతుంది," అంది రాజవ్వ. ఆమె చేయి పట్టుకున్నాను. నాకు తెలిసిన వైద్యం అంతే.

అప్పుడు చూశాను. కొద్ది దూరంలోనే, రొమ్ము ఇసుకకు ఆనించి, ముక్కులు గాలికి ఎదురుపెట్టి, వందలాది పిట్టలు. ఒక్కొక్కటి పిచ్చుకంత. బూడిదరంగు పోయి మెడలు ఇటుకరంగు తేలాయి. ఒక్కటీ బెదరలేదు.

"గివి ఏడికి పోతయ్?" అని అడిగింది రాజవ్వ.

ఆమె మనసు మళ్ళించాలని చెప్పుకుపోయాను. "ఉత్తరాన మంచునేలకు. అక్కడ గూడంటే నాచులో చిన్న గుంట, నాలుగు గుడ్లు. మంచు ఆలస్యంగా కరిగితే ఆ ఏడు పిల్లలు దక్కవు. నక్కలకు ఎలుకలు దొరక్కపోతే గుడ్ల మీద పడతాయి..." నాలుక కరుచుకున్నాను.

రాజవ్వ మాత్రం, "గుడ్లు పోతె, వచ్చే ఏడు మల్ల పోవా?" అంది.

"మళ్ళీ వెళ్తాయి."

"పోతయ్ మరి. పోకుంటె ఎట్ల?"

గాలి తగ్గింది. ఆమె కడుపు మెత్తబడింది. పొద్దు వాలుతుండగా పిట్టలు లేచి, రెక్కలు దులుపుకుని, సన్నగా పిలుచుకుంటూ ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. మా తలల మీద చుట్టు తిరిగి, ఆదిలాబాద్ గుట్టల మీదుగా ఉత్తరానికి సాగిపోయాయి. అవి కనుమరుగయ్యే దాకా చూశాం. "తన్నుతుండు!" అని రాజవ్వ కడుపు నిమురుకుంటూ నవ్వింది.

పడవను మళ్ళీ నీళ్ళలోకి నెట్టి ధర్మపురి చేరాం. రేవులో ఆమె తల్లి మోకాటి లోతు నీళ్ళలోకి ఎదురొచ్చింది.

బతుకమ్మ నాళ్ళలో మళ్ళీ వెళ్ళాను. "ఆడివిల్ల పుట్టింది. తల్లి పిల్ల సల్లగున్నరు," అన్నాడు పోశం. మేట మీద పిట్టలూ వచ్చేశాయి. ముందు పెద్దవి వస్తాయట. ఆ వేసవిలో పుట్టినవి తరువాత, దారి చూపే తల్లి లేకుండానే. ఎప్పుడూ చూడని గోదావరిని ఆ చిన్న పిట్టలు ఎలా వెతుక్కున్నాయో ఆలోచిస్తూ ఇసుకలో చాలాసేపు నిలబడిపోయాను.

వెళ్ళాలనుకునేవారికి ఒక మాట: వైశాఖంలో పిట్టల వెంట తిరగకండి. సాయంత్రం మేట దగ్గర కదలకుండా కూర్చోండి, అవే లేస్తాయి.