ఫోటో నాది, బొంత మా యారాలిది

మా మరిది భార్య, అంటే నా యారాలు, ఏది ముట్టుకున్నా ఊరు మెచ్చుకుంటుంది. పప్పు చేస్తే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకొస్తారు. ముగ్గేస్తే తొక్కకుండా పక్కకు జరిగి నడుస్తారు. పెద్దకోడలిగా నేను విన్న మెప్పు ఒక్కటే, "పెద్దామె కంపెనీకి పోతది" అని. అది మెప్పో కాదో కూడా నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

గుమ్మడిదల వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని నాది. ఫోన్లు గేటు దగ్గరే పెట్టేసి లోపలికి పోవాలి, లోపల ఫోటో తీస్తే ఉద్యోగం పోతుంది. అందుకేనేమో, బయటికి వచ్చి ఫోన్ చేతిలో పడగానే నా కళ్లు ఊరికే ఉండవు. కంపెనీ బస్సు అద్దం మీద చినుకులు, రోడ్డు పక్కన టార్పాలిన్ మీద ఎండే మక్కలు, గొట్టాల పొగలో ఎర్రబడ్డ సాయంత్రం, అన్నీ తీసి నెట్‌లో పెట్టేదాన్ని. మెచ్చుకునేవాళ్లు నలుగురైదుగురు ఉండేవారు. వాళ్లు నాతో పని చేసేవాళ్లే.

నిరుడు మా అత్తమ్మ పోయింది. ఆమె చీరలు పంచుకుంటామని నేను ఎదురుచూశాను. అందులో చిలకపచ్చ నేత చీర మీద నాకు ఎప్పటి నుంచో కన్ను. మా మామ చీరలన్నీ మూటగట్టి, "చిన్నదాని చేతుల పెడ్తె బొంతన్న అయితది" అని యారాలికి ఇచ్చేశాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఆమె వాటిని కోసి, అతికి, పలుచని బొంత కుట్టింది. చిలకపచ్చ సరిగ్గా నడిమధ్యలో కూర్చుంది.

ఆ బొంతను పొదుపు సంఘం ఆడవాళ్లు సంగారెడ్డిలో చేతిపనుల ప్రదర్శనకు పట్టుకుపోయారు. నాకు సెలవు రోజు కావడంతో నేనూ వెళ్లాను. ఫోటోలు తీసుకోవచ్చని తలుపు దగ్గర బోర్డు కూడా పెట్టారు. హాల్లో తాడు మీద బొంత వేలాడుతోంది, దాని ముందు జనం. యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతోంది. ఎవరో పెద్దావిడ ఆమె చేతులు పట్టుకుని, "గివి చేతులు గావు బిడ్డా, బంగారం" అంది. ఇక నావల్ల కాలేదు. అక్కడ నిలబడలేక బొంత వెనక్కి వెళ్లిపోయాను.

అక్కడికి ఎవరూ రాలేదు. ఎదుటి కిటికీలోంచి పొద్దువాలే ఎండ బొంత ముందువైపు పడుతుంటే, వెలుగు దాన్ని దాటి నా వైపు వస్తోంది. లోపలి పొరలన్నీ కనబడుతున్నాయి, కుట్టు కుట్టుకూ ఒక వెలుగు చుక్క. మధ్యలో అక్కడక్కడ లేత గోధుమరంగు మచ్చలు, ఏ కాలందో పాత అద్దకంలాగా. నేను తీసిన ఫోటోల్లో అంత మంచిది ఇంకొకటి లేదు.

కింద నా పేరు వేసి పెట్టాను. ఆమె పేరు ఎందుకు వేస్తాను? వెనక్కి వెళ్లి చూసింది నేను, తీసింది నేను. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఆ ఫోటోను తమ పేజీల్లో పంచుకున్నారు. ప్యాకింగ్‌లో నా పక్కన నిలబడే ఒడిశా పిల్ల, "దీదీ, ఫోటో ఏక్ నంబర్" అంది. వారం పాటు నా నడకే మారిపోయింది. మా వాడకట్టులో ఒక ముసలమ్మ మాత్రం అరుగు మీద నుంచి, "సొమ్మొకడిది సోకొకడిది" అని గాలికి అన్నట్టు అంది. వినబడనట్టు వచ్చేశాను.

అప్పుడే ప్రదర్శన పెట్టిన మేడం ఫోన్ చేసింది. వచ్చే ప్రదర్శన పోస్టర్ మీద నా ఫోటో వేస్తారట, కింద నా పేరు కూడా. సంగారెడ్డి బస్టాండులో నా పేరు! నేను సంతోషం పట్టలేక ఏదో అంటుంటే ఆమె ఆపింది. "ఫోటో హక్కు మీదేనమ్మా. కానీ అందులో ఉన్నది ఇంకొకరు చేసిన వస్తువు. పోస్టర్ మీద వెయ్యాలంటే కుట్టినామె కూడా ఒప్పుకోవాలి."

ఎవరి ముందు నిలబడి ఏదీ అడగకూడదని ఇన్నేళ్లు బతికానో, ఆమెనే అడగాల్సి వచ్చింది.

యారాలు వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమెది నెట్ రాని మీటల ఫోన్, ఆ ఫోటో ఇంతవరకు చూడనేలేదు. "చెల్లే, నా ఫోటో పోస్టర్ మీద ఏస్తరంట" అని నా ఫోన్ ఆమె ముందు పెట్టాను. ఆమె వంగి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"నీ ఫోటో ఏదక్కా? గందుల నువ్వు లేవు గదా."

"నేను తీసిన ఫోటో. అంటే నాదే."

"గట్లనా" అంది. ఎగతాళి చేసిందేమోనని మొహం చూశాను. చెయ్యలేదు.

ఆమెను మెత్తబరచడానికి, కింద జనం రాసినవి చదివి వినిపించాను. చదువుతుంటే తెలిసింది, అన్నీ కుట్టు గురించే. ఫోటో బాగుందన్నవాడు ఒక్కడూ లేడు. అయినా ఆపకుండా చదివాను. "ఆ గోధుమరంగు అద్దకం ఎంత బాగుందో" అన్నది వినగానే ఆమె చేతిలో కాయ ఆగిపోయింది.

"అద్దకం గాదక్కా" అంది. "అత్తమ్మ మందు కక్కిన మరకలు. ఎన్నిసార్లు ఉతికిన పోలే. గందుకే ఎవ్వలకు కనవడకుంట లోపలికి తిప్పి కుట్టిన."

అత్తమ్మ మంచాన పడ్డ ఆ రోజుల్లో నేను షిఫ్టుల్లో ఉన్నాను, చూసుకున్నది యారాలే. ఆ మాట ఆమె అనలేదు. అనుంటే తిరిగి నాలుగు అనేదాన్ని.

చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. మడత పెట్టిన బొంత తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నీకు గీ పచ్చ చీరంటె పానం గదక్కా. బొంత నువ్వే ఉంచుకో. గా ఫోటో మాత్రం తీసెయ్యి."

అక్కడే, ఆమె చూస్తుండగానే తీసేశాను. మేడంకి కుదరదని చెప్పేశాను.

ఇప్పుడు బొంత నా మంచం మీద ఉంటుంది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాకిట్లో ఎండకు ఎత్తి పట్టి చూశాను. మరకలు ఒక్కొక్కటే తేలాయి. ఏ మరక ఏ రోజుదో, ఆ రోజు అత్తమ్మ ఏమందో మా యారాలికి తెలుసు. పచ్చ చీర నాకు వచ్చింది గానీ, ఆ రోజులు రాలేదు. అందుకు ఆమెను చూస్తే నాకు ఇప్పటికీ కుళ్లే.