నాలుగు గంటల దూరం

కొల్లాపూర్ బస్టాండ్ దగ్గర ఆటో నడిపే ఇస్రాయేలును దుబాయ్ ఎంత దూరమని మాత్రం అడగకండి. నేను అడిగి తిట్లు తిన్నాను. తిట్టాక ఎందుకు తిట్టాడో కూడా ఆయనే చెప్పాడు.

పదకొండేళ్లు దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేశాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా, తనను పెంచిన అక్క బిక్షమ్మ ముందు ఒకటే గొప్పలు.

"అక్కా, మన బస్సు హైదరాబాద్ పోనీకి ఐదు గంటలు. గాడికెళ్లి విమానం దుబాయ్ పోనీకి నాలుగే. గింత దానికి ఫికరెందుకు?"

రెండున్నర వేల కిలోమీటర్ల సంగతి ఎత్తేవాడు కాదు. బిక్షమ్మ ఏ ఊరినైనా బస్సు గంటలతోనే కొలిచే మనిషి. నమ్మింది.

2019లో ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. మామకు చెబుతానని కూతురు మల్లిక ఫోను తీసినప్పుడల్లా వద్దనేది. "వాని పని చెడగొట్టకు బిడ్డా. పానం మీదికొస్తే అప్పుడు జెప్పు. నాలుగు గంటలల్ల వస్తడు."

ఆఖరి రోజు పొద్దున చెప్పారు. ఆయన పాస్‌పోర్టు కంపెనీ వాళ్ల దగ్గరుంది. దాన్ని ఇప్పించాల్సిన పెద్దమనిషి సెలవులో ఉన్నాడు. మూడో రోజు ఎక్కిన విమానం సరిగ్గా నాలుగు గంటల్లోనే దించింది. ఊరు చేరేసరికి సమాధి మీద పూలు వాడిపోయి ఉన్నాయి.

ఇస్రాయేలు ఆటో ఆపి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"మల్లిక జెప్పింది సార్. 'ఇంక నాలుగు గంటలు గాలేదా బిడ్డా' అని పొద్దుగూకేదాక అడిగిందట."