నట్టు మీది ఎర్ర గీత

మొన్న మేడ్చల్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ళ గదిలో పెళ్ళికూతురి చెల్లెలు గోళ్ళకు రంగు వేసుకుంటోంది. ఏసీ గది, తలుపులు మూసి ఉన్నాయి. ఆ ఘాటు వాసన గదంతా నిండింది. మిగతావాళ్ళకు ఆ వాసనతో ఏం గుర్తొస్తుందో గానీ నాకు కారు బ్రేకులు గుర్తొస్తాయి. గ్రీజు, కిరోసిన్‌లో తడిపిన గుడ్డ, ఎండకు కాలిన రేకుల కప్పు, వాటన్నిటి మీదుగా గోళ్ళ రంగు వాసన. ఇవన్నీ కలిస్తే నాకు నస్రీన్ ఆపా.

పక్కన కూర్చున్నావిడ నాది అత్వెల్లి అని తెలుసుకుని నా వైపు తిరిగింది. "అత్వెల్లి అంటే గా కారు నస్రీన్ ఉండె గదా? సొంతంగ సామాన్లు బిగిచ్చుకొని శామీర్‌పేట చెరువు కాడ బోల్త గొట్టుకున్నది. మొన్నీమధ్య పోయిందంట, పాపం."

చివర 'పాపం' తగిలిస్తే అబద్ధం జాలి అయిపోదు. ఆ కారు బోల్తా కొట్టలేదు. ఆపా చనిపోయింది కొన్నేళ్ళ తర్వాత, జబ్బు చేసి, ఆసుపత్రి మంచం మీద. ఆమె తన చేత్తో బిగించిన ఒక్క మర కూడా ఊడలేదు. ఈ మాటలన్నీ ఆవిడకు చెప్పాను. "ఏమోనమ్మా, అందరు గట్లనే అనుకుంటరు" అని ఆవిడ ఫోన్ చూసుకుంది. ఆ 'అందరూ' ఎవరో నాకు తెలుసు. వాళ్ళు ఈ పేజీ చదవరు. అయినా రాస్తున్నాను.

నస్రీన్ ఆపాది మా పక్కిల్లు. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో పని. పెళ్ళి చేసుకోలేదు. అన్న ఖలీల్ భాయ్ కుటుంబంతో కలిసి ఉండేది. నేను ఇంటర్ అయ్యాక ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. బాపు ఇక చాలన్నాడు. మేడ్చల్ గ్రంథాలయం మాత్రం ఆయన మాన్పించలేకపోయాడు. అక్కడ నవలలన్నీ అయిపోయాక మిగతా బీరువాల్లోకి వెళ్ళాను. డిప్లొమా పిల్లల కోసం తెలుగులో రాసిన ఆటోమొబైల్ పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే. ఒక సాయంత్రం ఆ పుస్తకంతో షేర్ ఆటోలో వస్తుంటే ఆపా ఎదుటి సీట్లో ఉంది.

"చదివినవా, బొమ్మలే చూసినవా?"

"చదివిన ఆపా."

"అయితే డిస్క్ బ్రేకు ఎట్ల పనిజేస్తదో చెప్పు."

చెప్పాను. నూనె ఒత్తిడి, పిస్టన్, రెండు వైపుల నుంచి చక్రం పళ్ళేన్ని పట్టుకునే ప్యాడ్లు, రాపిడి, వేడి. ఆటోలో పక్కన ఉన్న ముసలాయన నా వైపు వింతగా చూశాడు.

"హౌ, సహీ చెప్పినవ్. కంటితోని చూసినవా?"

"బొమ్మల చూసిన."

"ఇగ రా" అంది. ఆటో దిగి నన్ను తిన్నగా తన ఇంటి వెనక రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళింది. అక్కడ దుప్పటి కింద ఉంది కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు ఆనుకున్నంత కిందికి. శామీర్‌పేట వైపు ఒక ఫామ్‌హౌస్‌లో ఎవరో మోజుపడి కొని వదిలేస్తే, ఆపా తన జీతం కూడబెట్టి తెచ్చుకుంది. కాగితాలు మాత్రం ఖలీల్ భాయ్ పేరు మీద రాయించారు. ఇన్సూరెన్స్‌కు సులువని ఆయన అన్నాడట. మన ఇళ్ళలో ఆడవాళ్ళ సొత్తు మగవాళ్ళ పేరు మీదికి ఎక్కేది ఇలాంటి 'సులువు' మాటలతోనే. అప్పుడు ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరమూ పట్టించుకోలేదు.

ఆ కారుకు మెరుగైన భాగాలు తెప్పించి తానే బిగించుకోవాలన్నది ఆపా కోరిక. స్పోర్ట్స్ కారనగానే అందరూ ఇంజన్ గురించి, సైలెన్సర్ మోత గురించి అడుగుతారు. ఆమె మొదట బ్రేకులు తెప్పించింది. పెద్ద డిస్కులు, గట్టి ప్యాడ్లు, ఉక్కు తీగ అల్లిన బ్రేకు గొట్టాలు. గోడ అవతల నుంచి కుర్రవాళ్ళు అరిచేవారు.

"ఆపా, ఎంత స్పీడ్ పోతది బండి?"

"పోవుడు ఎవడన్నా పోతడు. ఎట్ల ఆగుతదో అడుగు రా, దివానే!"

ప్రతి ఆదివారం పొద్దున్నే షెడ్డులో మా పని మొదలయ్యేది. నేను పుస్తకం చదివి వినిపిస్తే ఆమె భాగాలతో పాటు వచ్చిన ఇంగ్లీషు కాగితంతో పోల్చేది. తేడా వస్తే రెంచి కింద పెట్టేది, తేలేదాకా ముట్టుకునేది కాదు. ఒకసారి నేను చదివిన పేజీయే సరైనదని తేలింది. "శోభా, నీ లైబ్రరీకి సలాం" అని నూనె చెయ్యి నుదుటికి ఆనించుకుంది. ఆ నూనె మరక ఆ రోజంతా ఆమె నుదుట ఉంది. అంత పెద్ద బిరుదు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆమె దగ్గర ఒక టార్క్ రెంచి ఉండేది. నట్టును ఎంత బిగించాలో అంత బిగియగానే టక్కుమని చెబుతుంది. ఆ టక్కు విన్నాక ఆపా గోళ్ళ రంగు సీసా తీసి, నట్టు మీది నుంచి పక్క లోహం మీదికి ఒక సన్నని ఎర్ర గీత గీసేది. నట్టు ఏ మాత్రం తిరిగినా గీత విరుగుతుంది. వంగి చూస్తే చాలు, తెలిసిపోతుంది. "మా కంపెనీల సీలు ఏస్తం గదా, గట్లనే. బిగిచ్చినోళ్ళు నేను బిగిచ్చిన అని చెప్పాలె" అనేది. తన గోళ్ళకు మాత్రం ఆమె ఎప్పుడూ రంగు వేసుకోలేదు. ల్యాబులో ఒప్పుకోరు.

బ్రేకుల తర్వాత కొత్త స్ప్రింగులు వేసింది. స్ప్రింగులు మారిస్తే చక్రాల వాలు సరిచూడాలి. ఆ యంత్రం ఇంట్లో ఉండదు. అందుకని దసరా వెళ్ళిన మూడు నాలుగు రోజులకు కారును మేడ్చల్‌లో హైవే పక్క అలైన్‌మెంట్ షాపులో ఇచ్చాం. వాళ్ళు చక్రాలు విప్పి, చూసి, మళ్ళీ బిగించి సాయంత్రానికి ఇచ్చేశారు. మర్నాడు ఆదివారం. బయల్దేరే ముందు ఆపా ప్రతి చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని చూసింది. ఎర్ర గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. "ఇప్పలేదేమో రా చక్రాలు. గీతలు సీదా ఉన్నయి" అంది. నేనూ వంగి చూశాను. అవును, సీదాగానే ఉన్నాయి.

శామీర్‌పేట చెరువు దగ్గరికి వచ్చేసరికి స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. తర్వాత ముందు ఎడమ చక్రం నుంచి దడదడ. ఆపా బ్రేకు ఒక్కసారిగా తొక్కలేదు. కారును మెల్లగా రోడ్డు అంచుకు తెస్తూ ఆపింది. చక్రం పక్కకు వాలింది. కారు ముక్కు మొక్కజొన్న కంకులు కాల్చే బండికి తగిలి, నిప్పులు రోడ్డు మీద చెల్లాచెదరయ్యాయి. బండి అమ్మ నీళ్ళ బిందె కోసం అవతలికి వెళ్ళి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బ్రేకులు ఆమె బిగించినవే. అవి పట్టుకోకపోతే మేం కట్ట దిగి నీళ్ళలోకి పోయేవాళ్ళం.

జనం మూగారు. మొదట వచ్చినవి ఫోన్లు, ఆ తర్వాతే మనుషులు. "లేడీస్ రెంచీ పడితే గిట్లనే ఉంటది!" అని ఒకడు. "రీల్స్ కోసం రా, రీల్స్ కోసం!" అని ఇంకొకడు. నేను నోరు తెరవబోతే ఆపా నా మణికట్టు పట్టుకుంది. "నక్కో శోభా. ముందు అమ్మ బండి లేవట్టు." మేం నిప్పులు ఎత్తుతుండగానే ఆ వీడియో ఖలీల్ భాయ్ ఫోనుకు చేరింది.

ఆ తర్వాత ఆపా వాలిన చక్రం దగ్గర కూర్చుంది. రెండు నట్లు పోయాయి. మిగిలినవి వేళ్ళతో తిరుగుతున్నాయి. అవతలి ముందు చక్రానికి వెళ్ళింది. అక్కడ గీత తిన్నగా ఉంది, నట్టు వదులుగా ఉంది. ఆమె అంతగా తికమకపడడం నేను ఎన్నడూ చూడలేదు. "గీత సీదా ఉండి నట్టు వదులెట్లయితది?" అని తనలో తను అనుకుంది.

అది అడగడానికే మర్నాడు షాపుకు వెళ్ళాం. ఖలీల్ భాయ్ కూడా వచ్చాడు. మా చక్రాలు బిగించిన యాదగిరి పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఆపాను చూసి సంతోషంగా ఎదురొచ్చాడు.

"మీ బొట్లు చెరపలే మేడం! నట్లు కలగల్సినయ్ గానీ, మళ్ళ బొట్టుకు బొట్టు కలిపే బిగిచ్చిన."

"ఏం బొట్లు?"

"గదే, నట్ల మీద కుంకుమ. దసరకు పూజ చేపిచ్చిన్రు గదా? మా తాన సాయబులు గూడ బండ్లు తెచ్చి చేపిస్తరు. పూర్తిగ తిప్పితే బొట్టు పక్కకు పోతాంది. అరిష్టమని కలిసిన కాడ ఆపిన."

ఆయన భక్తితో చేసిన పని అది. ఎర్ర గుర్తు కనిపిస్తే అది దేవుడిదే అయి ఉంటుందని నమ్మే మనిషి. ఆపా ఆయన ముందు గొంతుక్కూర్చుంది. నేల మీద ఒక నట్టు పెట్టి, గీత ఎందుకో నెమ్మదిగా చెప్పింది. యాదగిరి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "అయ్యో తల్లీ, ఎంత పని చేస్తి!"

నా కోపం ఆయన మీద కాదు. షాపు యజమాని మీద. ఆయన ఇదంతా విన్నాడు. విని, "నట్లకు నెయిల్ పాలిష్ ఎవరు పెట్టమన్నరు మేడం? మేకప్పులు జేసిన బండ్లు ఇగ మేం తీస్కోం" అని నవ్వాడు. ఖలీల్ భాయ్ కూడా ఆయనతో పాటు నవ్వాడు. ఆపా గోడ వైపు చెయ్యి చూపించింది. అక్కడ మేకుకు వాళ్ళ టార్క్ రెంచి వేలాడుతోంది. దాని పిడికి పసుపు, కుంకుమ, ఎండిపోయిన బంతిపూల దండ.

"పూజ అయిన సంది దింపినట్టు లేదు" అంది ఆపా. "మొక్కిన్రు. ఇగ వాడుండ్రి సేట్."

"చల్ నస్రీన్, బస్ కరో! ఉన్న ఇజ్జత్ తీసినవ్" అని ఖలీల్ భాయ్ ఆమెను బయటికి పిలిచాడు. నిజం ఏమిటో ఆ క్షణానికి అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఊళ్ళోకి వెళ్ళింది మాత్రం పాత కథే. నేను జీర్ణించుకోలేనిది అదే. తెలియక నిందించేవాళ్ళను క్షమించవచ్చు. వీళ్ళు తెలిసి నిందించారు.

కారు బాగుపడగానే ఖలీల్ భాయ్ దాన్ని బేరానికి పెట్టాడు. పేరు ఆయనది, సంతకం ఆయనది. ఆపా బతిమాలలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదని వాళ్ళ వదిన మా అమ్మతో చెప్పింది. కొనడానికి కొంపల్లి నుంచి ఒకాయన వచ్చాడు. కారు కింద పడుకుని, టార్చి వేసి చాలాసేపు చూశాడు. లేచి చేతులు దులుపుకుంటూ, "పని చాలా నీట్‌గా ఉంది. ఏ గ్యారేజీలో చేయించారు?" అన్నాడు.

ఖలీల్ భాయ్ తడుముకోకుండా, "జీడిమెట్లల మనకు తెలిసినోళ్ళున్నరు" అన్నాడు.

చక్రం ఊడితే ఆమె చేసింది. పని బాగుంటే ఎవరో తెలిసినవాళ్ళు చేశారు. వంటింటి గుమ్మంలో నా పక్కన నిలబడ్డ ఆపా కొంగు భుజం మీదికి లాక్కుని వాకిట్లోకి నడిచింది.

"నేనే బిగిచ్చిన. బ్రేకులు, స్ప్రింగులు, అన్ని. బండి ఏ షాపుల పెట్టినా ముందుగాల గీ ఎర్ర గీతలు చెరిపియ్యి. బిగిచ్చినంక నువ్వే కొత్తయి గియ్యి. మర్వకు."

కొనేవాడు ఆమె వైపు చూసి, నిజమేనా అన్నట్టు ఖలీల్ భాయ్ వైపు చూశాడు. "లేడీస్ గదా, జోక్ జేస్తది" అన్నాడు ఖలీల్ భాయ్.

కారు వీధి మలుపు తిరిగేదాకా ఆపా నిలబడి చూడలేదు. షెడ్డులోకి వెళ్ళి రెంచి తుడిచి, పెట్టెలో పెట్టి, పెట్టె నా చేతుల్లో పెట్టింది. "నాకిగ పనిలేదు. బీరువల పెట్టి మొక్కకు, సమజైందా?" అంది.

పాత కార్లు కొని అమ్మే కంపెనీలో కార్లు పరీక్షించే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టమని నన్ను తరిమింది కూడా ఆమే. ఇప్పుడు అదే నా పని. నేను చూసిన ప్రతి కారు కింద ఎవరు ఏం బిగించారో రాస్తాను. ఆడమనిషి బిగిస్తే ఆడమనిషి అనే రాస్తాను.

అత్వెల్లిలో మా ఇంటి దగ్గరే ఇప్పుడు టైర్ల షాపులున్నాయి. నేను నా కారును మేడ్చల్‌లో ఆ షాపుకే తీసుకెళ్తాను. కావాలనే. మొన్న పెళ్ళి నుంచి వస్తూ కూడా వెళ్ళాను. చక్రాలు విప్పే ముందు యాదగిరి లోపలికి వెళ్ళి రంగు చెరిపే సీసా, దూది తెచ్చాడు. ఆ షాపులో ఆ సీసా కొని ఉంచింది ఆయనే. పాత గీతలు ఒక్కొక్కటీ మచ్చ లేకుండా తుడిచాడు. విప్పాడు, చూశాడు, మళ్ళీ ఎక్కించి పక్కకు జరిగాడు. నేను పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, ఆపా రెంచితో ప్రతి నట్టూ టక్కుమనేదాకా బిగించాను. గీతలు గీశాను. కౌంటర్ వెనక కూర్చున్న యజమాని నా వైపు చూడకుండా పేపరు తిప్పుకుంటున్నాడు.

"సేట్, మా ఆపా పోయింది" అన్నాను అందరికీ వినపడేలా. "గీత మాత్రం ఉంది. లేచి చూడు."

ఆయన లేవలేదు. యాదగిరి వంగి చూశాడు. నాలుగు చక్రాల దగ్గరా వంగి చూశాడు.