మామ మెడకట్టు

మా మేనమామ ఈ ఎండాకాలం పోయాడు. పొద్దున చాయ్ తాగి, పసుపు ఆరబోసిన కళ్లం చుట్టూ తిరిగి వచ్చి, గుండె పట్టేసినట్టుందని మంచం మీద కూర్చున్నాడట. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. డిచ్‌పల్లిలో ఉంటున్న నాకు అత్త ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ లేడు. జల్ది రా." అంతే, పెట్టేసింది.

ఆర్మూరు పసుపు మార్కెట్లో మా మామ పేరు తెలియనివాళ్లు ఉంటారేమో గానీ ఆయన మెడ తెలియనివాళ్లు లేరు. నలుగురు రైతుల భుజాల మీద తువ్వాలలుంటే, ఆయన మెడలో టై ఉండేది.

ఆయన విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. అంకాపూర్ చుట్టుపక్కల చేలల్లో విత్తన పంటలు చూసేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటింగుకు టై కట్టుకుని రమ్మన్నారు. మీటింగు అయిపోయినా టై మెడలోనే ఉండిపోయింది. అరచేయంత వెడల్పు, దాని మీద గుమ్మడిపూలంత పూలు. బురదలో చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద నడుస్తున్నా టై నలగనిచ్చేవాడు కాదు.

"మెడల తాడు ఎడ్లకుంటది. నీకేం పొయ్యేకాలంరా?" అని మా తాత కసిరేవాడు.

"చేనుకాడికి పోయినా, పెండ్లికి పోయినా, మనిషి తయారై పోవాలె బాపూ. చేను సుత మనల చూస్తది," అనేవాడు మామ.

కాలం మారింది. వెడల్పు టైలు పోయి చూపుడు వేలంత సన్నవి వచ్చాయి. తర్వాత తళతళలాడే పట్టువి. ఆయన అన్నీ కొన్నాడు, అన్నీ కట్టాడు. చివరికి కంపెనీయే టైలు మానేసి కాలరు టీషర్టులు పంచింది. ఆ టీషర్టును అత్త మోటారు తుడవడానికి వాడింది.

నేను వాళ్లింట్లో ఉండి డిగ్రీ చదువుతున్న రోజుల్లో జరిగింది చెప్పాలి.

ఆ మధ్యాహ్నం కళ్లంలో పసుపు కొమ్ములకు మెరుగు పెడుతున్నారు. ట్రాక్టరుకు తగిలించిన పెద్ద ఇనుప డ్రమ్ము తిరుగుతోంది. లోపల కొమ్ములు ఒరుసుకుని చెవులు పగిలే చప్పుడు. గాలి నిండా పసుపు దుమ్ము. డ్రైవరు మంచినీళ్లకని బోరింగు దగ్గరికి పోయాడు. అత్తా నేనూ సంచులు కుడుతున్నాం. మామ మీటింగు నుంచి నేరుగా వచ్చాడు, బట్టలు కూడా మార్చుకోలేదు. కొమ్ము ఎంత మెరిసిందో చూడాలని వంగాడు.

టై కొస డ్రమ్ము ఇరుసుకు చుట్టుకుంది.

ఆయన అరిచాడో లేదో నాకు తెలియదు. అరిచినా ఆ చప్పుడులో వినపడదు. తలెత్తి చూసేసరికి మామ రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, ఒక చేత్తో ఇనుప చట్రం పట్టుకుని, రెండో చేతి వేళ్లను మెడకూ ముడికీ మధ్య దూర్చాడు. తల అంగుళం అంగుళం ఇరుసు వైపు పోతోంది. ముఖం నల్లబడుతోంది. నేను పరుగెత్తి వెనక నుంచి నడుము పట్టుకుని గుంజాను. గుంజేకొద్దీ ముడి బిగుస్తోందని ఆయన ముక్కులోంచి వచ్చిన శబ్దంతో అర్థమైంది. వదిలితే మనిషే పోతాడు. "ఇంజిన్ బందు చెయ్యి!" అని అరుస్తున్నాను. డ్రైవరు దూరంగా దోసిలి పట్టి నీళ్లు తాగుతూనే ఉన్నాడు.

అత్త అరవలేదు. సుతిలి తాడు కోసే కొడవలి చేతిలోనే ఉంది. వచ్చి, మామ జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచి, ఇరుసుకూ గడ్డానికీ మధ్య కొడవలి పెట్టి ఒక్క కోత కోసింది. ఇద్దరం వెనక్కి పడ్డాం, మామ నా మీద. ఇంకా ఊపిరి అందడం లేదు. అత్త వేళ్లతో, పళ్లతో ముడి లాగి విప్పింది. అప్పుడు దగ్గాడు. ఆ దగ్గు వినేదాకా కొడవలి కింద పెట్టలేదామె.

మెడ చుట్టూ కమిలిన గీత చాలా రోజులుంది. అత్త టైలన్నీ మూటగట్టి అటకెక్కించింది. ఆయన కాదనలేదు. కానీ ఇల్లు బిగుసుకుపోయింది. పొద్దున్నే అద్దం ముందుకు పోయేవాడు, చెయ్యి కాలరు దాకా వచ్చి ఆగిపోయేది. బయటికి పోవడం తగ్గించాడు. ఒకప్పుడు నవ్విన రైతులే ఇంటికి వచ్చి, "సారూ, మెడ గట్ల ఖాళీగున్నదేంది? మంచిగ అనిపిస్తలేదు," అన్నారు. ఆయన నేల చూశాడు.

ఒక రోజు అత్త మూట దింపింది. జాకెట్లు కుట్టే మిషను మీద ఒక టైని కత్తిరించి, పొట్టిగా, రెండు కొసలు వెడల్పుగా కుట్టి ఆయన ముందు పడేసింది.

"నీకు మెడకట్టు కావాలె. నాకు నీ మెడ కావాలె. గిది కట్టుకో, వేలాడదు."

అలా మొదలైంది బో టై. ముడి నేర్చుకోవడానికి అద్దం ముందు తంటాలు పడ్డాడు. మొదట్లో చచ్చిన తూనీగలా ఉండేది. పోనుపోను సీతాకోకచిలుకైంది.

ఊరు నవ్వకుండా ఉంటుందా? ఒక పెళ్లిలో ఎవరో పెద్దమనిషి ఆయన్ని కేటరింగ్ మనిషనుకుని, "ఏయ్, జర నీళ్లు తే," అన్నాడు. మామ తెచ్చి ఇచ్చి, అదే బంతిలో ఆయన పక్కనే కూర్చుని భోంచేశాడు. ఎదురుగా కూర్చున్న మామ కొడుకు, అప్పటికింకా బడికి పోయేవాడు, మాత్రం విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఇంటికొచ్చాక వాడు ఏడ్చినంత పని చేశాడు.

"నాన్నా, గది తీసెయ్యి. అందరు నవ్వుతున్నరు. నా ఇజ్జత్ పోతున్నది."

"నీళ్లు తెస్తే ఇజ్జత్ పోతదారా?"

వాడు ఆ తర్వాత తండ్రితో కలిసి ఏ పెళ్లికీ పోలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, అవసరమైన మాటలే మాట్లాడుతూ పెద్దవాడై మోటార్ల వైండింగు దుకాణం పెట్టుకున్నాడు. మామ బతిమాలలేదు, ముడి వదల్లేదు. అది పంతమా అని ఒకసారి నేనడిగితే, "పంతం కాదు బిడ్డా. మెడకు ఏదన్న ఉంటే తల దించబుద్ది కాదు," అన్నాడు.

నేను వెళ్లేసరికి వాకిట్లో ఆయనకు స్నానం చేయించి తెల్ల చొక్కా తొడిగి ఉంచారు. అత్త ఇంట్లోంచి ముదురు ఎరుపు మెడకట్టు తెచ్చింది. మామ పెద్దన్న అడ్డం వచ్చాడు.

"పోయేటోనికి ముడి ఉండొద్దమ్మా. మొలతాడే తెంపుతం. గిదేంది?"

"ఊరంత చూస్తానికి వస్తున్నది బావా. ఖాళీ మెడతోని ఎవ్వలకూ చూపియ్య. కాష్టం కాడ మీరే విప్పుండ్రి."

ఆయన పక్కకు జరిగాడు. బ్రాహ్మడు కూడా తల పక్కకు తిప్పుకున్నాడు. అత్త ఆ గుడ్డను కొడుకు ముందు చాపింది.

"నాకు రాదమ్మా."

"దినాం చూసినవు గద."

వాడు వంగి తండ్రి మెడ చుట్టూ వేశాడు. ఒక కొస పొడుగైంది. విప్పాడు. మళ్లీ కట్టాడు, మెలిపడి జారిపోయింది. ఎవరో వెనక నుంచి, "ఇగ పోనీయిరా," అన్నారు. వాడు వినలేదు.

"ఎదురుంగ వస్తలేదమ్మా," అన్నాడు.

ఆయన తల వెనక్కి వెళ్లాడు. నేల మీద కూర్చుని, తండ్రిని భుజాల కింద చేతులేసి లేపి తన ఛాతీకి ఆనించుకున్నాడు. గడ్డాన్ని ఆయన భుజం మీద పెట్టి, రెండు చేతులూ ముందుకు పోనిచ్చి, తన మెడకే కట్టుకుంటున్నట్టు, కళ్లు మూసుకుని, నెమ్మదిగా ముడి వేయడం మొదలుపెట్టాడు.