ఎడ్ల ఉలవలు

మా ఇంట్లో ఉలవలు ఉడికేది ఎడ్ల కోసం. పెరట్లో పత్తికట్టె మంట మీద పెద్ద బాన పెట్టి మా అమ్మ ఉడికించేది. గింజలు ఎడ్లకి, వార్చిన నీళ్ళు మాకు. ఆ నీళ్ళతో కాచిన ఉలవచారులో మీగడ వేసుకుని ఊరంతా లొట్టలేసేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. బలమంతా కొట్టంలోకి పోతే, చారు తాగిన వాడికి కండ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఎనభైల్లో, ఇంటర్ చదివే రోజుల్లో, నేను చీపురుపుల్లలా ఉండేవాణ్ణి. నా చొక్కా చేతిలో ఇంకో చెయ్యి పట్టేది. మా నాన్నకి బండలాగుడు ఎడ్ల జత ఉండేది. తిరునాళ్ళలో ఎడ్లు రాతిబండ లాగుతుంటే పక్కన అదిలిస్తూ పరుగెత్తే వాళ్ళలో నేనూ ఉండాలని నా కోరిక. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. నాన్న నన్ను ఎగాదిగా చూసి, "నిన్ను దింపితే ఎడ్లు సిగ్గుతో చస్తయ్యిరా" అన్నాడు. అరుగు మీది ఆయన పరివారం పడీ పడీ నవ్వింది. పొద్దస్తమానం చుట్టలు కాలుస్తూ పక్కవాళ్ళ ఎడ్లకి వంకలు పెట్టే మనుషులు. వాళ్ళలో ఒక్కడికీ బొజ్జ మీద పంచె నిలిచేది కాదు.

పౌరుషం వచ్చి గుంటూరు వెళ్ళాను. బ్రాడీపేటలో ఒక వ్యాయామశాల. అక్కడి మాస్టారు గోడనిండా అద్దాలు పెట్టించుకుని తన కండలు చూసి తానే మురిసిపోతున్నాడు. నా జబ్బని రెండు వేళ్ళతో పట్టి చూసి వదిలేసి, "ముందు పొడి డబ్బా కొనుక్కో తమ్ముడూ. అది లేకుండా ఎంత ఎత్తినా దండగే" అన్నాడు. ఆ డబ్బాలు ఆయన బల్ల కిందే ఉన్నాయి. అందులో ఏముంటుందండీ అంటే, "ఫారిన్ సరుకు" అన్నాడు. అంతకు మించి ఆయనకీ తెలియదు. అసహ్యం వేసి తిరుగు బస్సెక్కాను.

నాకు కావలసిన విద్య మా కొట్టంలోనే ఉంది. నాన్న ఎడ్ల చేత ఒకరోజు బండ లాగిస్తే మర్నాడు విశ్రాంతి ఇచ్చేవాడు. బరువు కొంచెం కొంచెంగా పెంచేవాడు. వేళకి తిండి, వేళకి నీళ్ళు. అవి పడుకుని నెమరేస్తుంటే అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. అదే మనిషి, నేను జ్వరంతో మూలుగుతుంటే రేడియో తగ్గించిన పాపాన పోలేదు. ఒళ్ళు ఎలా పెంచాలో అంత తెలిసినవాడికి, కన్నకొడుక్కీ ఒక ఒళ్ళుందని తోచలేదు.

నేను ఎడ్ల పద్ధతే పట్టాను. పత్తికి మందు కొట్టేటప్పుడు కాలవ నుంచి నీళ్ళ బిందెలు నేనే మోశాను. దండీలు, బస్కీలు తీశాను. మధ్యలో ఒళ్ళు నొప్పులు తగ్గేదాకా ఆగాను. ఇక తిండి మిగిలింది. చారొద్దు, గింజలు పెట్టమని అమ్మని అడిగాను. నాన్న చూస్తాడేమోనని నాకే భయం వేసింది. అమ్మ బానలోంచి గరిటెడు దేవి, తాలింపు వేసి నా ముందు పెట్టింది.

"ఎడ్లని ఆయన సంతలో కొనుక్కొచ్చాడు. నిన్ను నేను కన్నాను. తిను" అంది.

ఆ రోజు నుంచీ రోజూ తిన్నాను. ఉలవలు తొందరగా అయిపోతున్నాయేంటని నాన్న అడిగితే, "ఎలుకలు" అనేది అమ్మ, తల ఎత్తకుండా. తిరునాళ్ళ నాటికి నా చొక్కా చేతులు బిగుతయ్యాయి. అయినా నాన్న నన్ను దింపలేదు. ఆయన నా వైపు చూస్తే కదా!

తిరునాళ్ళకి జనంలో ఒకడిగా వెళ్ళి నిలబడ్డాను. మా జత మధ్యలోనే మొరాయించింది. అన్ని జతల్లోకీ కడపటిది మాదే. పరివారం వెంటనే కారణాలు వెతికింది. ఒకడు దిష్టి అన్నాడు, ఒకడు ఇసుక అన్నాడు. నాన్న కళ్ళు నా మీద పడ్డాయి. విసవిసా వచ్చి నా చొక్కా చెయ్యి భుజం దాకా లాగి, సంతలో ఎద్దుని బేరమాడేటప్పుడు నొక్కినట్టు నా జబ్బ నొక్కి చూశాడు.

"చూడండయ్యా, నా ఎడ్ల ఉలవలు ఎక్కడికి పోయినయ్యో చూడండి!" అని అరిచాడు.

అందరూ చూశారు. అరుగు మీద నవ్విన వాళ్ళలో ఒకడు వేలితో పొడిచి, "అవునే, రాయిలా ఉందిరా" అన్నాడు. గరిటెడు ఉలవలు తగ్గితే ఓడిపోయే ఎడ్లు ఎడ్లేనా అని అడగాలనిపించింది. ఆ మూర్ఖులతో మాటలెందుకని జనంలోకి నడిచాను.

నాన్న పైకి లాగిన ఆ చొక్కా చెయ్యిని మాత్రం కిందికి దించుకోలేదు. అలాగే తిరునాళ్ళంతా తిరిగి, పొద్దుగూకాక ఇంటికొచ్చాను.