కోతపండుగ నాటికి రాని పళ్ళు

చిగుళ్ల జబ్బుతో నా పై వరసలో ముందున్న మూడు పళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వదులయ్యాయి. మూడూ తీయించుకోవాల్సి వచ్చింది. పంజాగుట్టలో పళ్ల డాక్టరు, నాకంటే చాలా చిన్నావిడ, ఇంప్లాంట్లు పెడదామంది. దవడ ఎముకలో స్క్రూ లాంటి చిన్న మర దించుతారట. ఎముక దాన్ని గట్టిగా పట్టుకునేదాకా కొన్ని నెలలు ఆగి, అప్పుడు దాని మీద పన్ను బిగిస్తారట.

నేను లెక్కల మనిషిని. కాలేజీలో నేర్చుకున్నది కాదు, మైత్రీవనం చుట్టుపక్కల దుకాణాలకు పద్దులు రాస్తూ సొంతంగా పట్టుకున్నది. ఆవిడ చెప్పిన నెలలన్నీ కుర్చీలో పడుకునే మనసులో కూడుకున్నాను. చర్చిలో కోతపండుగ నాటికి కొత్త పళ్ళు వచ్చేస్తాయి, పైగా కొన్ని రోజులు మిగులుతాయి కూడా.

ఆ లెక్కలో నా ఎముకను వేసుకోలేదు. స్కాన్ చూసి, "ఎముక బాగా పలచగా ఉందండీ. ముందు పొడి లాంటిది వేసి దాన్ని పెంచాలి, మరలు ఆ తర్వాతే" అంది. ఆ మరలు దించేసరికి పండుగ వారంలోకి వచ్చేసింది. అప్పటిదాకా పెట్టుకు తిరిగిన తీసిపెట్టే పళ్ల ప్లేటు కూడా, కుట్ల మీద ఒత్తిడి పడుతుందని రెండు వారాలు వద్దంది.

కోతపండుగకు మా సంఘంలో వాళ్లు బియ్యం, గుమ్మడికాయలు, కోళ్లు, చెరుకు, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేసి, వచ్చింది చర్చి పనులకు వాడతారు. చాలా ఏళ్లుగా ఆ వేలం వేసేది నేనే. మైకు పట్టుకుని అందరి ముందు గంటసేపు నోరు తెరిచి అరవాలి. మూడు పళ్ళు లేని నోటితో నేను వాళ్లకు కనిపించకూడదు. ఆ వారం నాకు కావలసింది అదొక్కటే.

పాస్టరు అయ్యగారికి ఫోన్లో మెసేజ్ పెట్టాను, గొంతు పూర్తిగా పోయిందని.

బుధవారం కూటంలో అందరూ కలిసి నా గొంతు కోసం ప్రార్థన చేశారు. మర్నాడు అయ్యగారి భార్య, మా అందరికీ అమ్మగారు, మిరియాల కషాయం కాచి అమీర్‌పేటలో మా ఇంటికే తెచ్చారు. నేను పడకగదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. హాల్లో మా ఆవిడ, "నిద్రపోతున్నారండీ" అంటోంది. అమ్మగారు వెళ్లిపోయాక మా ఆవిడ కషాయం గ్లాసు నా ముందు పెట్టి, "తాగండి. మీ కోసం నేను కూడా అబద్ధాలు మొదలుపెట్టాను" అంది. తాగాను.

పండుగ రోజు మాస్కు పెట్టుకున్నాను. జ్వరమేమోనని పక్కవాళ్లు భయపడతారని దాన్ని మా ఆవిడే గేటు దగ్గర తీసేయించింది. చివరి వరసలో పెదాలు బిగించి కూర్చున్నాను. వేలం ఈసారి ఒక రిటైరైన నర్సమ్మ చేతికి వచ్చింది. అందరూ ఆమెను అక్క అంటారు.

చెరుకు మోపు దగ్గర ఆమె, "జర జల్దీ పాడుండ్రి, చెరుకు ఎండిపోయి కట్టె అయితది" అంది. నవ్వొచ్చింది. నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం నాకప్పటికే అలవాటైపోయింది. చెయ్యి లేచింది.

"గదో, మన అన్న చెయ్యి లేపిండు! రెండు వందలు!"

కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. నోరు తెరవనివాడు తల ఎంత ఊపినా అది అవుననో కాదనో ఎవరికి తెలుస్తుంది?

"ఇంకా పెంచుతడంట! రెండు వందల యాభై! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. చెరుకు మన అన్నకే!"

మా చర్చిలో వస్తువు దక్కినవాళ్లు లేచి నిలబడి ఒక కృతజ్ఞత మాట చెప్పాలి. లేచాను. అందరూ వెనక్కి తిరిగారు. ముందు వరసలోంచి అయ్యగారు, "పర్వాలేదు బ్రదర్, గొంతు బాలేదుగా, కూర్చోండి" అన్నారు. కూర్చుంటే అయిపోయేది. కానీ పక్కన మా ఆవిడ తల దించుకుని కూర్చుంది, ఆ అబద్ధంలో సగం తనదైనట్టు.

"గొంతుకేం కాలేదండీ" అన్నాను, చెయ్యి అడ్డం పెట్టుకునే. తర్వాత చెయ్యి తీశాను. "పళ్ళు లేవు. ఇంప్లాంట్లు పెట్టించుకుంటున్నాను. చెప్పడానికి సిగ్గేసింది."

మాటల్లో గాలి పోతోంది.

"అయ్యో అన్నా! మేమంతా గొంతు కోసం ప్రార్థన చేస్తిమి గదా!" అంది అక్క మైకులోనే.

"దేవుడికి తప్పు అడ్రసు ఇచ్చాం" అన్నారు ఎవరో. చర్చంతా నవ్వింది. అమ్మగారు కూడా నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. వాళ్లు నా పళ్లను చూసి నవ్వలేదు, అది నాకు తెలుసు. అందుకే తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"గొంతు మంచిగున్నోడు కూసుంటే ఎట్ల? రా అన్నా, అరటిగెల ఒక్కటే మిగిలింది" అని అక్క మైకు చాపింది. వెళ్లక తప్పలేదు.

గెల పెద్దది. ప్రతి ఏటా చివర్లో ఎక్కువ పలికేది అదే. వేలంలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎవరి పంతాన్ని ఎగదోయాలో నాకు అన్నీ తెలుసు. ఆ రోజు ముందు వరస పిల్లలు నా నోట్లోకే చూస్తున్నారు. కళ్లు ఫ్యానుకేసి పెట్టి గబగబా అరిచాను. ఇద్దరు పోటీ పడి పాటను ఆరు వందల దాకా తెచ్చారు. మామూలుగానైతే ఇంకా చాలా దూరం పోయే పాట అది.

"ఒకటోసారి. రెండోసారి."

వెనకనుంచి ఒక గొంతు, "ఆరు వందల..." అని మొదలుపెట్టింది. విన్నాను. ఇంకో పాట అంటే నోరు ఇంకోసారి తెరవాలి.

"మూడోసారి" అని మైకు కింద పెట్టేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకాయన, పర్లేదులే అన్నట్టు చెయ్యి ఊపి కూర్చున్నాడు.